మిగతా 36 పొగగొట్టాలు

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ తీరంలో స్కార్‌బరో అనే ఊరుంది. అక్కడ సముద్రానికి ఎదురుగా, కొండ అంచున, 1867లో గ్రాండ్ హోటల్ కట్టారు. అప్పటికి యూరప్‌లోని పెద్ద హోటళ్లలో అదొకటి. దాని నమూనా గీసిన కత్‌బర్ట్ బ్రాడ్రిక్ భవనాన్ని ఒక క్యాలెండర్‌లా ఊహించాడని చెబుతారు. రుతువులకు గుర్తుగా 4 గోపురాలు, నెలలకు 12 అంతస్తులు, వారాలకు 52 పొగగొట్టాలు, రోజులకు 365 గదులు.

లెక్క బాగానే ఉంది. ఇంగ్లండ్ వాతావరణమే దానికి ఒప్పుకోలేదు. అక్కడ సముద్రపు ఒడ్డున జనం కూర్చోగలిగేది జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, అంటే ఓ పదహారు వారాలు. ఆ తర్వాత ఈదురుగాలి, వాన, సాయంత్రం నాలుగింటికే చీకటి. హోటల్ పన్నులు, మరమ్మతులు, ఉప్పుగాలికి ఊడిపోయే సున్నం మాత్రం ఏడాది పొడవునా ఉంటాయి. సముద్రతీర పర్యాటక పట్టణాలు ఎందుకు వెలుగుతాయి, ఎందుకు ఆరిపోతాయి, మళ్లీ ఎలా లేస్తాయి అన్న ప్రశ్నలు ఎటు తిరిగినా 52లో ఆ పదహారు పోగా మిగిలే 36 పొగగొట్టాల దగ్గరికే వస్తాయి.

మొదట్లో సముద్రం దగ్గరికి ఎవరూ సరదాకి వెళ్లలేదు. మన దగ్గర సముద్ర స్నానమంటే పర్వదినాన చేసే పుణ్యకార్యం. ఇంగ్లండ్‌లో అది డాక్టరు రాసిచ్చిన చీటీ. స్కార్‌బరోలో 17వ శతాబ్దంలో ఒక ఖనిజపు నీటి ఊట బయటపడింది. దాని నీళ్లు తాగితే రోగాలు తగ్గుతాయని డబ్బున్నవాళ్లు అక్కడికి చేరారు. 1750లో రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు గ్రంథులకు వచ్చే జబ్బులకు సముద్రపు నీరే మందు అని ఒక గ్రంథం రాశాడు. అందులో మునగమనడమే కాదు, తాగమని కూడా చెప్పాడు. ఆయన మకాం పెట్టిన చేపలు పట్టే పల్లె పేరు తర్వాత ప్రపంచానికంతటికీ తెలిసింది. అదే బ్రైటన్.

1783లో యువరాజు, అంటే తర్వాతి నాలుగో జార్జి, బ్రైటన్‌కు వచ్చాడు. యువరాజు వస్తే ఆస్థానం వచ్చింది, ఆస్థానం వెంట అప్పులవాళ్లు, నాట్యగత్తెలు, దర్జీలు వచ్చారు. జాన్ నాష్ అనే వాస్తుశిల్పి చేతిలో అక్కడి రాజభవనం రాయల్ పెవిలియన్ 1815 నుంచి 1822 వరకు మొగల్ గుమ్మటాల వేషం వేసుకుంది. అదే ఊళ్లో పట్నా నుంచి వెళ్లిన షేక్ దీన్ మహమ్మద్ ఆవిరి స్నానాలు, నూనె మర్దనతో దుకాణం తెరిచి రాజుగారి కొలువులో పదవి కూడా సంపాదించాడు. ఇవాళ తలకు రాసుకునే షాంపూ అన్న మాట మన చంపీ నుంచే అక్కడికి వెళ్లింది.

ఆ తర్వాత రైలు వచ్చింది. 1841లో లండన్ నుంచి బ్రైటన్‌కు, 1845లో యార్క్ నుంచి స్కార్‌బరోకు, 1846లో బ్లాక్‌పూల్‌కు పట్టాలు పడ్డాయి. రైలు ఎవరిని తెచ్చిందన్నది ఒక సంగతి, ఎవరిని తరిమిందన్నది ఇంకో సంగతి. బ్రైటన్‌లో షికారుకు బయలుదేరితే జనం ఎగబడి చూస్తున్నారని విక్టోరియా రాణికి చిరాకు. 1845 తర్వాత ఆమె రాయల్ పెవిలియన్‌లో అడుగుపెట్టలేదు. 1850లో అది పట్టణ పాలకుల చేతికి వచ్చింది. రాణి వెళ్లిపోయింది, గుమాస్తాలు, దుకాణదారులు వచ్చారు. ఊరి ఆదాయం తగ్గలేదు, పెరిగింది. పరువు తగ్గిందని ఏడ్చినవాళ్లు మాత్రం అప్పుడే మొదలయ్యారు. బీచ్ ఊళ్ల చరిత్రలో ఈ ఏడుపు ప్రతి తరంలోనూ వినిపిస్తుంది. కాబట్టి ‘మా ఊరు పాడైపోయింది’ అనే మాటను కాస్త జాగ్రత్తగా వినాలి. వచ్చేవాళ్లు మారడం వేరు, రాకపోవడం వేరు.

ఈ ఎత్తుపల్లాలను ఒక బొమ్మగా గీసినవాడు రిచర్డ్ బట్లర్ అనే భూగోళ శాస్త్రవేత్త. 1980లో కెనడాలోని ఒక భూగోళశాస్త్ర పత్రికలో ఆయన గీసిన గీత ఇప్పటికీ పర్యాటకం చదివే ప్రతి విద్యార్థికీ మొదటి పాఠం. సరుకు మార్కెట్లోకి వచ్చి, అమ్ముడై, పాతబడే క్రమాన్ని వ్యాపారశాస్త్రం గీసుకున్న గీతనే ఆయన ఊళ్లకు వర్తింపజేశాడు. ముందు కొందరు సాహసికులు ఊరిని కనుక్కుంటారు. ఊరివాళ్లు గదులు అద్దెకిస్తారు, భోజనాలు పెడతారు. తర్వాత బయటి డబ్బు దిగుతుంది, పెద్ద హోటళ్లు లేస్తాయి. కొన్నాళ్లకు పెరుగుదల మందగిస్తుంది, ఊరంతా పర్యాటకం మీదే బతికే స్థితి వస్తుంది. ఆపైన స్తబ్ధత. అక్కడి నుంచి గీత కిందికైనా జారుతుంది, ఏదో కొత్త పనితో పైకైనా లేస్తుంది.

గీత బాగుంది గానీ అందులో ఒక చిక్కుంది. అది తలలు లెక్కపెడుతుంది, రాత్రులు లెక్కపెట్టదు. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవాడు కూడా ఒక తలే, వారం రోజులు గది తీసుకున్నవాడూ ఒక తలే. మొదటివాడు ఐస్‌క్రీం కొంటాడు, కారు పార్కింగ్ కడతాడు. రెండోవాడి మీదే ఊళ్లో పది కుటుంబాలు బతుకుతాయి. అందుకే బీచ్ నిండా జనం, వీధి నిండా తాళాలు అనే విచిత్రమైన దృశ్యం చాలా ఊళ్లలో కనిపిస్తుంది. దీనికి బ్లాక్‌పూల్‌ని మించిన ఉదాహరణ లేదు.

బ్లాక్‌పూల్‌ను పెంచింది రాజులు కాదు, నేతగాళ్లు. లంకాషైర్ నూలు మిల్లుల ఊళ్లన్నీ దానికి దగ్గర. ఒక్కో ఊరికి ఏడాదిలో ఒక వారం ఉండేది, ‘వేక్స్’ వారం. అసలు అది చర్చి జాతర. తర్వాత ఆ వారమే మిల్లు యంత్రాలు ఆపి బాయిలర్లు శుభ్రం చేసుకునే సెలవైంది. ఇందులో ఒక ఏర్పాటు ఉంది. అన్ని ఊళ్లకూ ఒకే వారం కాదు. ఈ వారం ఓల్డ్‌హామ్ వస్తే ఇంకో వారం బర్న్‌లీ. అలా వేసవి పొడవునా ఊరు వెనక ఊరు దిగేది. వీధి మొత్తం ఒకే రైలెక్కి, ఇక్కడా పక్క పక్క ఇళ్లలోనే దిగేవాళ్లు. ఖర్చుకు డబ్బు ఏడాదంతా వారం వారం పోగేసే సంఘాలుండేవి. మన చిట్టీలకు చుట్టాల్లాంటివే.

దిగేది పూటకూళ్ల ఇళ్లలో. బ్లాక్‌పూల్ పూటకూళ్లమ్మల మీద ఇంగ్లండ్‌లో బోలెడు జోకులున్నాయి. భోజనాల బల్ల మీది ఉప్పు, మిరియాల బుడ్డి వాడుకున్నందుకూ విడిగా లెక్క రాస్తారని వాటిలో ఒకటి. జోకు పక్కన పెడితే, ఆ ఊరికి పునాది వాళ్లే. సొంతిల్లు, మూడు నాలుగు అంతస్తులు, పది పన్నెండు గదులు, వంటా వడ్డనా ఇంటిల్లిపాదీ చేసుకోవడం. ఒక కొత్త కంపెనీ వచ్చి ఇలాంటి ఊరు కట్టాలంటే ఎంత పెట్టుబడి కావాలో ఊహించలేం.

ఆ 36 పొగగొట్టాల సంగతి బ్లాక్‌పూల్ పాలకులకు బాగానే తెలుసు. 1879లో పార్లమెంటు చట్టం ద్వారా ఊరి ప్రకటనల కోసం పన్ను వసూలు చేసే హక్కు తెచ్చుకున్నారు. అప్పట్లో మరే ఊరికీ ఆ హక్కు లేదు. అదే ఏడాది సముద్రపు ఒడ్డున విద్యుత్ దీపాలు వెలిగించారు. 1885లో ఎలక్ట్రిక్ ట్రామ్, 1894లో ఐఫిల్ టవర్‌ని చూసి కట్టిన 158 మీటర్ల టవర్ వచ్చాయి. అన్నిటికన్నా తెలివైన పని 1912లో మొదలైంది. సీజన్ అయిపోయే సమయానికి తీరం పొడవునా రంగుల దీపాలు పెట్టారు. సెప్టెంబర్, అక్టోబర్ చలిలో ఈత కొట్టలేరు గానీ దీపాలు చూడగలరు కదా. ఒక్క ఆలోచనతో మరికొన్ని పొగగొట్టాల్లోంచి పొగ లేచింది.

లంకాషైర్ మిల్లుల డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఆ బట్టకు అతిపెద్ద మార్కెట్ ఇండియానే. మచిలీపట్నం అద్దకం వెనకబడిపోయి, మాంచెస్టర్ గుడ్డ మన సంతల్లోకి దిగిన కాలమది. బ్లాక్‌పూల్ టవర్ లిఫ్టు టికెట్లలో మన పంచెల, చీరల డబ్బు కొంత ఉందంటే అతిశయోక్తి కాదు. 1931లో గాంధీ లంకాషైర్ వెళ్లి, విదేశీ బట్ట బహిష్కరణ వల్ల పని పోయిన కార్మికులను స్వయంగా కలిశాడు. అయితే మిల్లులు కుంటుపడగానే బ్లాక్‌పూల్ కూలిపోయిందనుకుంటే పొరపాటు. 1930ల్లో కూడా ఊరు కళకళలాడింది. గ్లాస్గో నుంచి, ఇంగ్లండ్ మధ్య ప్రాంతం నుంచి కొత్త జనం వచ్చారు. 1938లో జీతంతో కూడిన సెలవుల చట్టం వచ్చాక యుద్ధం తర్వాత ఇంకా పెరిగారు.

దెబ్బ ఆకాశం నుంచి వచ్చింది. 1950లో వ్లాదిమిర్ రైట్జ్ అనే ఆయన యుద్ధంలో వాడిన డకోటా విమానంలో జనాన్ని కోర్సికా ద్వీపానికి తీసుకెళ్లాడు. విమానం, డేరాలో బస, భోజనం, అన్నీ కలిపి 32 పౌండ్ల 10 షిల్లింగులు. తర్వాత ఇరవై ముప్ఫై ఏళ్లలో ఆ దారి స్పెయిన్ వైపు హైవేలా మారింది. బ్లాక్‌పూల్‌లో వారం రోజుల సెలవులో మూడు రోజులు వాన. స్పెయిన్‌లో ఏడు రోజులూ ఎండ, ఖర్చులో పెద్ద తేడా లేదు. సొంత కార్లున్నవాళ్లు పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లడం మొదలెట్టారు. తలలు తగ్గలేదు, రాత్రులు తగ్గాయి.

పూటకూళ్లమ్మ ముందు అప్పుడొక లెక్క నిలబడింది. పదహారు వారాలు నిండే గదులు ఇప్పుడు ఎనిమిది వారాలు కూడా నిండటం లేదు. అదే ఇంటిని చిన్న చిన్న ఫ్లాట్లుగా చీల్చి అద్దెకిస్తే 52 వారాలూ డబ్బు వస్తుంది. కిరాయిదారు పనిలేనివాడైతే ఇంకా మంచిదే, అద్దె ప్రభుత్వ సాయం నుంచి నేరుగా వస్తుంది. ఒక్కొక్కరికీ ఇది తెలివైన నిర్ణయమే. కానీ వీధిలో ఇరవై ఇళ్లవాళ్లు అదే చేస్తే? దూరప్రాంతాల్లో పనిపోయినవాళ్లు, ఒంటరులు, జబ్బుపడ్డవాళ్లు చవక గది వెతుక్కుంటూ సముద్రం దగ్గరికి చేరారు. పిల్లలతో వచ్చే కుటుంబం వీధి తీరు చూసి మరుసటి ఏడు రావడం మానేసింది. దాంతో మిగిలిన పూటకూళ్ల ఇళ్లు కూడా ఫ్లాట్లయ్యాయి. 36 పొగగొట్టాలూ చివరికి అలా పొగ వదిలాయి. ఊరు మాత్రం మరొకటైపోయింది.

2019 ప్రభుత్వ లెక్కల్లో ఇంగ్లండ్ మొత్తంలో అత్యంత వెనకబడిన పది పేటల్లో ఎనిమిది బ్లాక్‌పూల్‌లోనే తేలాయి. మగవాళ్ల ఆయుర్దాయం దేశంలోనే అట్టడుగున ఉంది. 2021లో ఇంగ్లండ్ ప్రధాన వైద్యాధికారి క్రిస్ విట్టీ తన వార్షిక నివేదికను మొత్తంగా సముద్రతీర ఊళ్ల ఆరోగ్యం మీదే రాశారు. మూడు వందల ఏళ్ల కింద ఆరోగ్యం కోసం కనిపెట్టిన ఊళ్ల గురించి అలాంటి నివేదిక రావాల్సి వచ్చింది. ఇంత జరిగినా వేసవి శనివారం ఆ తీరంలో నిలబడితే తోపులాటే. లక్షల జనం ఇప్పటికీ వస్తున్నారు. బట్లర్ గీత ఈ ఊరిని ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేదు.

ఉద్ధారం కోసం బ్లాక్‌పూల్ ఒకప్పుడు జూదం మీద ఆశ పెట్టుకుంది. దేశంలో ఒకే ఒక్క ‘సూపర్ క్యాసినో’కి అనుమతి ఇస్తామంటే గట్టిగా పోటీపడింది. 2007లో సలహా సంఘం మాంచెస్టర్‌ను ఎంచుకుంది, తర్వాత ఆ పథకమే అటకెక్కింది. అప్పుడు ఊరంతా గుండెలు బాదుకుంది. కానీ అట్లాంటిక్ సిటీని చూస్తే ఆ ఓటమి మరీ అంత నష్టమేమీ కాదనిపిస్తుంది.

అమెరికాలోని ఆ ఊరూ 1854లో రైలుతో పుట్టిందే. సముద్రం వెంట చెక్క నడకదారి 1870లో వేశారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కార్లు, విమానాలు, ఇంట్లో ఏసీలు వచ్చి ఊరు చితికిపోయింది. 1976లో ఓటర్లు జూదానికి సరేనన్నారు, 1978లో మొదటి క్యాసినో తెరిచారు. అప్పటికి తూర్పు అమెరికాలో అలాంటి చోటు అదొక్కటే. చలికాలంలో కూడా బస్సులు నిండుగా వచ్చేవి. 52 వారాల సమస్య తీరిపోయినట్టే కనిపించింది. కానీ ఆ భవనాలు సముద్రానికి వీపు చూపించి కూర్చున్నాయి. లోపలికి వెళ్లినవాడు లోపలే తిని, లోపలే ఓడి, అట్నుంచి అటే బస్సెక్కాడు. పక్క వీధిలో టీకొట్టుకి కూడా చిల్లర రాలలేదు. పైగా వాళ్లు అమ్మింది సముద్రాన్ని కాదు, ఒక అనుమతిని. పక్క రాష్ట్రం పెన్సిల్వేనియా కూడా 2004లో జూదపు యంత్రాలకు అనుమతి ఇచ్చాక ఆ సరుకు విలువ పడిపోయింది. 2014 ఒక్క ఏడాదిలోనే నాలుగు క్యాసినోలు మూతపడ్డాయి. వాటిలో 240 కోట్ల డాలర్లతో కట్టి 2012లో తెరిచిన రెవెల్ ఒకటి.

బ్రైటన్ మళ్లీ లేచింది కదా అని చాలామంది ఉదాహరణ చెబుతారు. అది లేచింది పర్యాటకంతో కాదు. 1961లో సస్సెక్స్ విశ్వవిద్యాలయం వచ్చింది. విద్యార్థులు అక్టోబర్‌లో గది అడుగుతారు, జూన్‌లో ఖాళీ చేస్తారు. సముద్రం దగ్గరి ఇళ్లవాళ్లకు ఇంతకన్నా చక్కగా అమరే కిరాయిదారు ఎక్కడ దొరుకుతాడు? 1977లో సమావేశాల కేంద్రం కట్టారు. రాజకీయ పార్టీల మహాసభలు శరదృతువులోనే జరుగుతాయి. రోజూ లండన్‌కు రైల్లో వెళ్లొచ్చే ఉద్యోగులు మిగతా ఇళ్లు నింపారు. అంటే బ్రైటన్ బీచ్ ఊరుగా బాగుపడలేదు, బీచ్ ఉన్న నగరమైంది. లండన్ గంట దూరంలో ఉండటం అందుకు కారణం. బ్లాక్‌పూల్‌కు ఆ అదృష్టం లేదు.

లండన్‌కు అంత దగ్గర కాని మార్గెట్ అనే తీరపు ఊరు కూడా ఆ దారే పట్టింది. 2009లో హైస్పీడ్ రైలు, 2011లో చిత్రకారుడు టర్నర్ పేరిట ఆర్ట్ గ్యాలరీ వచ్చాయి. టర్నర్ చిన్నప్పుడు ఆ ఊళ్లో చదువుకున్నాడు, అక్కడి ఆకాశమంటే ఆయనకు ప్రాణం. మూతపడ్డ దుకాణాల్లోకి కాఫీ షాపులు, పాత వస్తువుల కొట్లు వచ్చాయి. వాటితో పాటు అద్దెలూ పెరిగాయి. గ్యాలరీ వచ్చిందని సంతోషించినవాళ్ల పిల్లలకే ఆ ఊళ్లో ఇల్లు దొరకడం కష్టమైంది. ఊరు బాగుపడిందా, లేక ఊళ్లో మనుషులు మారారా అన్నది అక్కడ తెగని తగువు.

పర్యాటకంతోనే ఏడాది పొడవునా బతుకుతున్న ఊరు చూడాలంటే, చాలామంది ముక్కు విరిచే బెనిడోర్మ్ దగ్గరికే వెళ్లాలి. స్పెయిన్‌లో అదొక జాలర్ల ఊరు. 1950 నుంచి 1967 వరకు మేయర్‌గా ఉన్న పెద్రో సరగోసా హయాంలో, 1956లో ఊరికంతటికీ ఒక ప్రణాళిక వేశారు. 1963లో దాన్ని సవరించాక దాని మూల సూత్రం తేలికే. ఎత్తు కడితే కట్టండి, చుట్టూ నేల మాత్రం వదలండి. ఒడ్డుపొడవునా బంగళాలు పరుచుకోకుండా ఊరు నిటారుగా పెరిగింది. నడిచి వెళ్లేంత దూరంలో సముద్రం, బస్సు, మందుల షాపు. ఇక చలికాలం? 1985 నుంచి స్పెయిన్ ప్రభుత్వం పెన్షనర్లకు సీజన్ కాని నెలల్లో రాయితీ మీద విహారయాత్రలు పెట్టింది. ఇమ్సెర్సో అనే ఆ పథకం కింద ముసలివాళ్లు జనవరిలో బెనిడోర్మ్‌లో డ్యాన్సులు చేస్తారు. ఖజానాకు ఖర్చే, కానీ హోటల్ సిబ్బందికి చలికాలం కూడా జీతం వస్తుంది. ఊరు చూడ్డానికి బాగాలేదనేవాళ్లు ఒక్కసారి ఈ లెక్క చూడాలి.

అయితే నిండటమే విజయం అనుకోవడానికీ లేదు. మయోర్కాలో, కానరీ దీవుల్లో 2024లో స్థానికులే వీధుల్లోకి వచ్చి ఇంతమంది మాకొద్దని ఊరేగింపులు తీశారు. ఫిలిప్పీన్స్‌లో మురుగు నేరుగా సముద్రంలోకి పోతోందని బొరాకాయ్ దీవిని 2018లో ఆరు నెలలు మూసేశారు. అక్కడ ఖాళీ వారాలను ప్రభుత్వమే కావాలని సృష్టించాల్సి వచ్చింది.

మన తీరానికి వస్తే, విశాఖ ఈ గీతలో ఇమడదు. అది బ్రైటన్ ఇప్పుడున్న స్థితిలోనే మొదలైంది. ఓడరేవు, నేవీ, స్టీల్ ప్లాంటు ముందు, బీచ్ తర్వాత. దసరా సెలవులకు వచ్చే బెంగాలీలు రాకపోతే హోటళ్లకు నష్టమే గానీ నగరం పస్తుండదు. బాపట్ల దగ్గరి సూర్యలంక సంగతి వేరు. కార్తిక పౌర్ణమి స్నానాలు వదిలేస్తే, అక్కడికి జనం ప్రధానంగా శని, ఆదివారాల్లోనే వస్తారు. సీజన్ పదహారు వారాలు కాదు, వారానికి రెండు రోజులు. సోమవారం నుంచి శుక్రవారం వరకు గదిలో ఎవరుంటారన్న ప్రశ్నకు జవాబు దొరక్కుండా అక్కడ ఎన్ని కాటేజీలు కట్టినా, కట్టేవాళ్లు బ్రాడ్రిక్ లెక్కే వేస్తున్నట్టు.

మన దేశంలో ఒడ్డు మీద గ్రాండ్ హోటళ్ల వరస లేకపోవడానికి ఒక కారణం 1991లో వచ్చిన తీరప్రాంత నియంత్రణ నిబంధనలు. పోటు రేఖ నుంచి 500 మీటర్ల లోపు కట్టడాలపై ఆంక్షలు పెట్టారు. ఉల్లంఘనలు లెక్కలేనన్ని, నిజమే. కానీ ఆ నిబంధనల నీడలోనే గోవా ఇసుక మీద ఒక వింత వ్యాపారం బతుకుతోంది. అక్కడి బీచ్ షాక్‌లు వెదుళ్లు, తాటాకులు, చాపలతో వేసిన పాకలు. వాటికి లైసెన్సు సీజన్‌కే ఇస్తారు. వానాకాలం ముందు, మే ఆఖరుకి, యజమాని పాక విప్పి వెదుళ్లు కట్టలు కట్టి ఇంటికి మోసుకుపోవాలి. జూన్‌లో ఆ చోటికి వెళ్తే వాన, కెరటాలు, ఖాళీ ఇసుక తప్ప ఏమీ ఉండవు. మళ్లీ వానలు వెనకబట్టాక, లైసెన్సు దొరికితే, అదే వెదుళ్లతో అదే పాక లేస్తుంది.